గౌట్ నొప్పి: ఉపశమనంతో ఆగిపోరాదు, వ్యాధికి చికిత్స అవసరం

అర్ధరాత్రి దాటిన తరువాత కాలి బొటనవేలి మొదట్లోని కీలు వద్ద అకస్మాత్తుగా మొదలై, తెల్లవారేసరికి దుప్పటి తగిలినా ఓర్వలేనంతగా పెరిగే నొప్పి గౌట్ వ్యాధి ప్రధాన లక్షణం. కీలు ఎర్రబడి, వాచి, తాకితే వేడిగా ఉంటుంది. నొప్పి సాధారణంగా 12 నుంచి 24 గంటలలో తీవ్రస్థాయికి చేరుతుంది. చికిత్స తీసుకోకపోయినా ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. ఈ వ్యాధి విషయంలో రోగులు పొరబడేది ఇక్కడే. నొప్పి తగ్గిన రోజున వాడుతున్న చూర్ణమో, పూతమందో, ఇంజెక్షనో వ్యాధిని నయం చేసిందని భావిస్తారు. వాస్తవానికి తగ్గినది నొప్పి మాత్రమే. దానికి కారణమైన స్ఫటికాలు కీలులో అలాగే ఉండిపోతాయి. కొన్ని నెలలకో, ఏడాదికో నొప్పి మళ్లీ వస్తుంది. క్రమంగా నొప్పుల మధ్య వ్యవధి తగ్గి, చీలమండ, మోకాలు, మణికట్టు, చేతివేళ్ల కీళ్లకు వ్యాధి విస్తరిస్తుంది.

కీళ్లవ్యాధులలో కారణం స్పష్టంగా తెలిసినవి, మందులతో పూర్తిగా అదుపు చేయగలిగినవి తక్కువ. అటువంటి వాటిలో గౌట్ ఒకటి. అయినప్పటికీ సరైన చికిత్స అందక అనేకమంది ఏళ్ల తరబడి బాధపడుతున్నారు.

వ్యాధికి మూలం

గౌట్ అతి ప్రాచీనమైన వ్యాధి. చరకసంహిత చికిత్సాస్థానంలో వాతరక్తానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఆయుర్వేద వైద్యులు గౌట్‌ను వాతరక్తంతో పోలుస్తారు. గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని 1848లో ఆంగ్ల వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ నిరూపించారు. కీలులోని ద్రవంలో సూదుల వలె ఉండే యూరేట్ స్ఫటికాలను 1961లో అమెరికా వైద్యులు డేనియల్ మెక్‌కార్టీ, జోసెఫ్ హాలండర్ సూక్ష్మదర్శిని సహాయంతో గుర్తించారు.

శరీర కణాలలోను, ఆహారంలోను ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నమైనప్పుడు యూరిక్ ఆమ్లం ఏర్పడుతుంది. దీనిలో అధిక భాగం మూత్రం ద్వారా, మిగిలినది పేగుల ద్వారా బయటకు పోతుంది. రక్తంలో యూరిక్ ఆమ్లం డెసీలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు మించితే అది కరిగి ఉండలేక స్ఫటికాలుగా మారే అవకాశం ఉంది. శరీరంలో వేడి తక్కువగా ఉండే కాలివేళ్ల వంటి చోట్ల స్ఫటికాలు ముందుగా చేరతాయి. శరీర రక్షణ కణాలు వీటిపై దాడి చేసినప్పుడు తీవ్రమైన వాపు, నొప్పి కలుగుతాయి. అయితే యూరిక్ ఆమ్లం అధికంగా ఉన్న వారందరికీ గౌట్ రాదు. లక్షణాలేవీ లేకుండా కేవలం రక్తపరీక్షలో అంకె పెరిగినంత మాత్రాన మందులు మొదలుపెట్టవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

అత్యధిక రోగులలో అసలు లోపం తిండిలో కాక, యూరిక్ ఆమ్లాన్ని మూత్రపిండాలు తగినంతగా విసర్జించలేకపోవడంలో ఉంటుంది. ఈ స్వభావం చాలావరకు వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. కనుక గౌట్‌ను కేవలం తిండిపోతుల వ్యాధిగా, తాగుబోతుల వ్యాధిగా చిన్నచూపు చూడడం సరికాదు. ఈ వ్యాధి పురుషులలో ఎక్కువ. స్త్రీలలో ఈస్ట్రోజెన్ హార్మోను యూరిక్ ఆమ్ల విసర్జనకు తోడ్పడుతుంది కనుక నెలసరి ఆగిపోయిన తరువాతనే వారికి ముప్పు పెరుగుతుంది.

నొప్పి వచ్చినప్పుడు

గౌట్ నొప్పికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఉపశమనం అంత త్వరగా లభిస్తుంది. వీలైనంతవరకు మొదటి రోజే, సాధ్యమైతే మొదటి 12 గంటలలోనే మందు ప్రారంభించాలి. కీలుకు పూర్తి విశ్రాంతినివ్వాలి. కాలిని దిండుపై ఎత్తుగా ఉంచాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 20 నిమిషాల చొప్పున రోజులో పలుమార్లు కాపడం పెట్టినట్లుగా ఉంచితే నొప్పి, వాపు తగ్గుతాయి. వాచిన కీలును మర్దన చేయడం, బలవంతంగా వంచడం మంచిది కాదు. ఇతర వ్యాధుల కారణంగా నీరు పరిమితంగా తాగమని వైద్యులు చెప్పిన వారు మినహా మిగిలిన వారు తగినంత నీరు తీసుకోవాలి.

నొప్పిని తగ్గించడానికి మూడు రకాల మందులు ఉన్నాయి. నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్ వంటి నొప్పి, వాపు నివారణ మందులు మొదటి రకం. కొల్చిసిన్ రెండవది. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు మూడవ రకం. ఈ మూడూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. వీటిలో ఏది వాడాలన్నది రోగికి ఉన్న ఇతర వ్యాధులను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. మూత్రపిండాల వ్యాధి, జీర్ణాశయంలో పుండు, గుండె వైఫల్యం ఉన్నవారికి మొదటి రకం మందులు హాని చేస్తాయి. స్టెరాయిడ్లు మధుమేహ రోగులలో చక్కెరను పెంచుతాయి.

కొల్చిసిన్‌ను గతంలో విరేచనాలు పట్టుకునే వరకు గంట గంటకు ఇచ్చేవారు. తక్కువ మోతాదు కూడా అంతే ఫలితమిస్తుందని, దుష్ఫలితాలు చాలా తగ్గుతాయని 2010లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. ప్రస్తుతం మొదట 1 మిల్లీగ్రాము, గంట తరువాత 0.5 మిల్లీగ్రాము చొప్పున ఇవ్వడం సాధారణ పద్ధతి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి. క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని మందులతో కలిపి వాడితే కొల్చిసిన్ ప్రాణాపాయం కలిగించవచ్చు. నొప్పి కోసం ఆస్పిరిన్ వేసుకోవడం తగదు. గుండెజబ్బుకు తక్కువ మోతాదులో ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రం సొంతంగా దానిని మానరాదు.

నిర్ధారణలో మెలకువలు

నొప్పి తీవ్రంగా ఉన్న సమయంలో రక్తంలో యూరిక్ ఆమ్లం సాధారణ స్థాయిలో కనిపించవచ్చు. అందువలన ఆ ఒక్క పరీక్షతో గౌట్ లేదని నిర్ణయించరాదు. నొప్పి తగ్గిన రెండు వారాల తరువాత పరీక్ష తిరిగి చేయించాలి. కీలులోని ద్రవాన్ని తీసి పరీక్షించడం అత్యంత కచ్చితమైన పద్ధతి.

వాచిన కీలుతోపాటు తీవ్ర జ్వరం, చలి, వణుకు ఉంటే అది కీలులో చీము పట్టడం కావచ్చు. అటువంటి రోగిని అదే రోజు ఆసుపత్రికి తరలించాలి. ఆలస్యమైతే కీలు శాశ్వతంగా దెబ్బతినడమే కాక ప్రాణానికి కూడా ముప్పు ఏర్పడుతుంది.

దీర్ఘకాలిక చికిత్స

ఏడాదిలో రెండు లేదా అంతకు మించి నొప్పులు వచ్చినవారు, చర్మం కింద యూరేట్ గడ్డలు ఏర్పడినవారు, కీళ్లు దెబ్బతిన్నట్లు ఎక్స్‌రేలో కనిపించినవారు యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడవలసి ఉంటుంది. మూత్రపిండాలలో రాళ్లు గాని, మూత్రపిండాల వ్యాధి గాని ఉన్నవారికి మొదటి నొప్పి తరువాతనే మందు ప్రారంభించే విషయం వైద్యులు పరిశీలిస్తారు.

వీటిలో ప్రధానమైనది అల్లోప్యూరినాల్. దీని రూపకల్పనలో గెర్ట్రూడ్ ఎలియాన్, జార్జ్ హిచింగ్స్ శాస్త్రవేత్తల కృషి ఉంది. మందుల రూపకల్పనకు నూతన సూత్రాలను అందించినందుకు వీరికి 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అల్లోప్యూరినాల్ ఉన్నది. దీనిని రోజుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకంటె తక్కువ మోతాదుతో ప్రారంభించి, రక్తపరీక్షలను బట్టి క్రమంగా పెంచాలి. యూరిక్ ఆమ్లం 6 మిల్లీగ్రాముల కంటె తక్కువకు చేరడం, అక్కడే నిలవడం లక్ష్యం. ఆ స్థాయిలో పాత స్ఫటికాలు మెల్లగా కరుగుతాయి.

ఈ దశలో రోగులకు ఒక విషయం ముందుగా తెలియజేయాలి. స్ఫటికాలు కరగడం మొదలైన తొలి నెలలలో నొప్పులు మరింత తరచుగా రావచ్చు. మందు పడలేదని భావించి చాలామంది అప్పుడే మానివేస్తారు. దీనిని నివారించడానికే మొదటి 3 నుంచి 6 నెలలు తక్కువ మోతాదులో కొల్చిసిన్ కూడా ఇస్తారు. నొప్పి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపరాదు. అయితే చర్మంపై దద్దుర్లు, జ్వరం, నోటిలో పుండ్లు కనిపిస్తే వెంటనే మందు నిలిపివేసి వైద్యులను సంప్రదించాలి. అజాథయోప్రిన్ వాడుతున్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. అల్లోప్యూరినాల్ పడనివారికి ఫెబుక్సోస్టాట్ ఇవ్వవచ్చు. గుండెజబ్బు ఉన్నవారిలో దీని వలన మరణాల ముప్పు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది. 2020లో వెలువడిన మరొక పెద్ద పరిశోధనలో అటువంటి పెరుగుదల కనిపించలేదు. ఏమైనా గుండెజబ్బు ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణలోనే దీనిని వాడాలి.

రోగికి వ్యాధి స్వభావం వివరించడం ఎంత ముఖ్యమో తెలిపే పరిశోధన 2018లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. బ్రిటన్‌లో శిక్షణ పొందిన నర్సులు రోగులకు వ్యాధిని గురించి వివరించి, క్రమంగా మోతాదు పెంచుతూ పర్యవేక్షించగా, రెండేళ్ల తరువాత 95 శాతం మంది లక్ష్యాన్ని చేరుకున్నారు. సాధారణ వైద్యసేవలు పొందినవారిలో ఇది 30 శాతం మాత్రమే.

ఆహారం: అపోహలు, వాస్తవాలు

గౌట్ అనగానే పప్పు, పాలకూర మానిపించడం తెలుగు ఇళ్లలో పరిపాటి. సుమారు 47 వేల మంది పురుషులను 12 సంవత్సరాలు పరిశీలించిన అమెరికా పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మాంసం, చేపలు, రొయ్యల వంటివి అధికంగా తినేవారిలో గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలు, పప్పుల వలన మాత్రం పెరగలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకునేవారిలో ముప్పు తగ్గింది. కనుక పప్పు, పలుచని మజ్జిగ నిశ్చింతగా తీసుకోవచ్చు. తగ్గించవలసినవి కార్జం వంటి లోపలి భాగాలు, వేటమాంసం, నెత్తళ్ల వంటి సముద్రపు చేపలు, చక్కెర కలిపిన శీతల పానీయాలు. మద్యం, ముఖ్యంగా బీరు, ముప్పును పెంచుతుంది. అధిక బరువును క్రమంగా తగ్గించుకోవాలి. కఠిన ఉపవాసాలు, వేసవిలో ఒంట్లో నీరు తగ్గడం నొప్పిని రేకెత్తించగలవు. ఆహార నియమాలు ఎంత పాటించినా యూరిక్ ఆమ్లం తగ్గేది కొద్దిగానే. అందువలన మందులు అవసరమైనవారికి పథ్యం ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇతర వ్యాధులు, మందులతో సంబంధం

గౌట్ రోగులలో రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి తరచుగా కనిపిస్తాయి. వీటికి కూడా పరీక్షలు జరపాలి. రక్తపోటుకు వాడే కొన్ని మూత్రవిసర్జక మందులు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. లోసార్టాన్ దానిని కొంత తగ్గిస్తుంది. క్షయ చికిత్స తొలి రెండు నెలలలో ఇచ్చే పైరజినమైడ్ వలన కూడా యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్ల నొప్పులు రావచ్చు. ఆ కారణంగా రోగి క్షయ మందులను సొంతంగా ఆపడం ప్రమాదకరం. ఆరోగ్య కార్యకర్తలు ఈ విషయాన్ని రోగులకు స్పష్టం చేయాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ప్రబలిన ప్రాంతాలలో నొప్పి మాత్రల వాడకం విషయమై మరింత అప్రమత్తత అవసరం. మూత్రపిండాలు బలహీనమైతే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. దాని వలన కలిగే నొప్పికి మందుల దుకాణంలో కొనే మాత్రలు మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి.

కొల్చిసిన్‌కు ఒక మూలం మన అడవులలోనూ ఉంది. అగ్నిశిఖ అని కూడా పిలిచే అడవినాభి మొక్క దుంపలో, గింజలలో ఈ పదార్థం ఉంటుంది. తమిళనాడులో దీనిని ఔషధ పంటగా సాగు చేస్తారు. మాత్రలో మోతాదు నిర్ణీతం. దుంపలో ఎంత ఉన్నదో తెలియదు. పచ్చి దుంపను తినడం ప్రాణాంతకం కాగలదు. గౌట్‌కు నాటుమందుగా దీనిని స్వయంగా వాడరాదు. పేరు, వివరాలు లేని పొడులను కూడా నమ్మరాదు. ఒక్క పూటలో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చునని అనుమానించాలి.

గౌట్ వలన వేళ్లు వంకరపోవడం, కీళ్లు అరిగిపోవడం అనివార్యం కాదు. సకాలంలో గుర్తించి, యూరిక్ ఆమ్లాన్ని నిర్ణీత స్థాయి కంటె తక్కువగా నిలిపి ఉంచితే నొప్పులు క్రమంగా ఆగిపోతాయి, గడ్డలు కరుగుతాయి, రోగి మునుపటివలె తన పనులు చేసుకోగలుగుతాడు. నొప్పి లేని రోజులలో కూడా మందు కొనసాగించడమే ఇందుకు మార్గం.