ఎఱ్ఱకొండల నడుమ చల్లని మడుగులు

ఆస్ట్రేలియా ఖండమునకు నట్టనడుమ ఆలిస్ స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. స్ప్రింగ్స్ అనగా ఊటలు. కాని ఆ పేరు పుట్టినచోట ఊట లేదు. 1871లో తంతి మార్గమునకు దారి వెదకుచు వచ్చిన విలియం మిల్స్ అను సర్వేయరు, ఎండిన టాడ్ నదిలో నిలిచిన నీటిని చూచి ఊటయని భ్రమించెను. తంతిశాఖాధికారి చార్లెస్ టాడ్ భార్య ఆలిస్ పేరు దానికి పెట్టెను. అది వరద తీసిన పిదప నదీగర్భమున మిగిలిన మడుగు మాత్రమే. 1933 వరకు పట్టణమునకు స్టూవర్ట్ అని పేరు. పిమ్మట ఆ భ్రమయే ఊరిపేరై స్థిరపడినది.

ఈ పట్టణమునుండి పడమరగా మెక్‌డానెల్ పర్వతపంక్తి వెంట సాగు రహదారి సుమారు 130 కిలోమీటర్లు పోయి గ్లెన్ హెలెన్ చేరును. సాలుకు సగటున 280 మిల్లీమీటర్లు మాత్రమే వాన కురియు సీమ యది. ఆ వానయు నమ్మదగినది కాదు. దారి పొడుగున ఎఱ్ఱని కొండగోడ తోడువచ్చుచుండును. అచటచట ఆ గోడ నిలువున చీలియుండును. ఇట్టి చీలికనే తెలుగువారు గండి యందురు. పెన్న కొండలను కోసికొని పోయినచోట వెలసిన కోటకు గండికోట యని పేరు వచ్చుట ఇందుచేతనే.

గండిలోనే నీరు నిలుచుటకు కారణము కలదు. ఎప్పుడో వచ్చు వరద విశాలమైన ఇసుకనేలపై పలుచబడి పోవును. గండిలో చొచ్చినంతనే ఇరుప్రక్కల కఠినశిలలు దానిని బిగించును. వేగము హెచ్చిన ప్రవాహము అడుగును త్రవ్వును. వరద పోయిన వెనుక ఆ గోతిలో నీరు మిగులును. ఎండ దానిని త్రాగివేయకుండ ఎత్తైన గోడలు నీడపట్టును. ఎడారిలో నీరు నీడయున్నచోటనే బ్రతుకును.

పట్టణమునకు 18 కిలోమీటర్ల దూరమున సింప్సన్స్ గ్యాప్ కలదు. ఉదయసాయంకాలములందు కంగారూ జాతికి చెందిన చిన్న వాలబీలు అచట బండల సందులనుండి వెలికివచ్చును. 50 కిలోమీటర్ల దూరమున స్టాండ్లీ ఛాజమ్. ఆ గోడల నడుమ ఎడము మిక్కిలి తక్కువ; సూర్యుడు నడినెత్తికి వచ్చిన కొలదిసేపే ఎండ అడుగున పడును. అప్పుడు శిలలు నిప్పుకణికలవలె జ్వలించును. మఱికొంత దూరమున ఎల్లరీ వాగు మడుగు. బయట బండలు కాలుచుండ, ఆ నీరు వేసవిలో సహితము ఒడలు జలదరించునంత చల్లగా నుండును. ఈత వచ్చినవారును అందు చాలసేపు నిలువరాదు. ఆర్మిస్టన్ గండి దక్షిణపు కొనయందలి మడుగు సుమారు 14 మీటర్ల లోతు గలది.

ఎల్లరీ, ఆర్మిస్టన్ వాగులు ఫింక్ నదిలో కలియును. లోకమునందలి అతిప్రాచీన నదులలో దానినొకటిగా గణింతురు. సంవత్సరములో అధికభాగము అది ఇసుకబాట. అయినను దాని చేపలు నశింపలేదు. కఱవునాట అవి లోతైన మడుగులలో తలదాచుకొని, వరద వచ్చినపుడు నదియంతట వ్యాపించును. కావున మడుగు చెడిన, రేపటి నదియు చెడినట్లే.

ఈ మర్మము నెఱిగినవారు ఆ సీమలో అనాదిగా నివసించుచున్న అరండ జాతివారు. ఏ మడుగు ఎన్నినాళ్ళు నిలుచునో, ఏ ఇసుకలో చెలమ తీసిన నీరూరునో తెలియుట వారికి తరతరముల విద్య. సర్పెంటైన్ గండి ఎగువ మడుగున భయంకరమైన సర్పము కలదని వారి నమ్మిక. అందుచే ఆ నీటిలో దిగరు. నమ్మిక ఏదైనను, దానివలన ఒక మడుగు కలకబారక మిగిలినది.

స్టాండ్లీ దాటిన పిమ్మట ఈ దారికి నమజిరా డ్రైవ్ అని పేరు. ఆల్బర్ట్ నమజిరా 1902లో హెర్మన్స్‌బర్గ్ క్రైస్తవ మిషనులో పుట్టిన అరండ చిత్రకారుడు. 1936లో రెక్స్ బాటర్బీ అను చిత్రకారునికి ఒంటెలు తోలుచు వెంటనడచి, ప్రతిగా నీటిరంగుల పని నేర్చెను. 1938లో మెల్బోర్న్ ప్రదర్శనలో అతని చిత్రములన్నియు అమ్ముడుపోయెను. ఈ కొండలను, తెల్లని మ్రాకుల గమ్ చెట్లను పెక్కుమంది నగరవాసులు మొదట చూచినది ఆ పటములలోనే. అట్టివాడు పశువుల మేతకు భూమి కోరిన దక్కలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇంటికి స్థలము కోరిన దక్కలేదు. 1957లో అతనికిని భార్యకును పౌరహక్కులు ఇచ్చిరి, బిడ్డలకు ఈయలేదు. మరుసటి యేట తనవారికి మద్యమందించెనను నేరముపై శిక్షించిరి. 1959లో అతడు కన్నుమూసెను. అతని చిత్రముల ప్రచురణహక్కు కుటుంబీకుల ట్రస్టుకు చేరినది 2017లో.

నేడు కారులో ఒక్క దినమున ఈ దారి పొడుగునను పోయి మరలి రావచ్చును. ఊట కానిదానికి ఊటయని పేరు పెట్టినవారికి పట్టణము దక్కినది. నీటిజాడ లెఱిగిన జాతిలో పుట్టినవానికి ఇంటిస్థలమైన దక్కక, పేరు మాత్రము దారికి మిగిలినది. మడుగులను చూడబోవువారు ఆ దారి చీలికలోని పేరుపలక యొద్ద ఒక్క నిమిషము ఆగుట న్యాయము.