అమ్మ లేని పిల్లకు అడవి పాఠాలు

మలేసియాలోని సబా రాష్ట్రం బోర్నియో దీవికి ఉత్తరపు కొసన ఉంది. అక్కడి సండాకాన్ పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో సెపిలోక్ ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం కనిపిస్తుంది. ఉదయం పది గంటలకు, మధ్యాహ్నం మూడు గంటలకు సిబ్బంది చెట్ల మధ్య కట్టిన మంచె మీద పళ్ళు పెడతారు. యాత్రికులు కాస్త దూరంలో నిలబడి ఎదురుచూస్తారు. కొన్ని రోజుల్లో తాళ్ళు పట్టుకుని ఊగుతూ నాలుగైదు ఒరాంగుటాన్లు వస్తాయి. అడవిలో పళ్ళు బాగా పండిన కాలంలో ఒక్కటీ రాకపోవచ్చు. దూరదేశం నుంచి వచ్చినవారికి అది నిరాశే. కానీ ఈ కేంద్రం పనిచేసేది ఆ మంచెకు రావలసిన అవసరం ఒరాంగుటాన్లకు తప్పించడానికే.

సెపిలోక్‌ను 1964లో ప్రారంభించారు. దాని చుట్టూ దాదాపు 43 చదరపు కిలోమీటర్ల రక్షిత అడవి ఉంది. ఇక్కడికి చేరేవాటిలో ఎక్కువ భాగం తల్లిని పోగొట్టుకున్న పిల్లలే. అడవి నరికినప్పుడు దొరికినవి కొన్ని, ఇళ్ళలో గొలుసు కట్టి పెంచుతుండగా అధికారులు విడిపించినవి కొన్ని. ఒరాంగుటాన్ తల్లి ప్రాణం ఉండగా పిల్లను వదలదు. అందుకే మనుషుల చేతికి చిక్కిన ప్రతి పిల్ల వెనుకా దాదాపుగా ఒక తల్లి చావు ఉంటుంది.

ఏళ్ళ తరబడి సాగే చదువు

జింక పిల్ల పుట్టిన కొద్దిసేపటికే లేచి నిలబడుతుంది. ఒరాంగుటాన్ పిల్ల ఏళ్ళ తరబడి తల్లిని కరుచుకునే ఉంటుంది. 2017లో శాస్త్రవేత్తలు మ్యూజియంలలో భద్రపరచిన ఒరాంగుటాన్ల పళ్ళను పరీక్షించారు. తల్లి పాలతో పాటు పిల్ల ఒంట్లోకి వెళ్ళే బేరియం, పెరుగుతున్న పంటి పొరల్లో చేరుతుంది. ఆ పొరలను వరుసగా చదివితే ఏ వయసు దాకా పాలు తాగిందో తెలుస్తుంది. వాటిలో ఒకటి ఎనిమిదేళ్ళు దాటాక కూడా పాలు తాగింది. అడవిలో పళ్ళు తగ్గినప్పుడు పిల్లలు మళ్ళీ తల్లి పాల మీదే ఎక్కువగా ఆధారపడ్డాయి.

ఇంతకాలం ఎందుకు? బోర్నియో అడవిలో పళ్ళు ఏటా ఒకేలా కాయవు. చాలా చెట్లు కొన్నేళ్ళకోసారి ఒక్కసారిగా విరగకాస్తాయి. మిగతా కాలంలో ఆకులు, బెరడు, చెదపురుగులతో కడుపు నింపుకోవాలి. వందల రకాల మొక్కల్లో ఏది తినాలో, ఏ భాగం తినాలో, ఎప్పుడు ఏ చెట్టు దగ్గరికి వెళ్ళాలో తెలియాలి. తల్లి తింటున్నప్పుడు పిల్ల ఆమె నోటికి దగ్గరగా ముఖం పెట్టి రెప్ప వాల్చకుండా చూస్తుంది. తరువాత అదే తిండిని తానూ తీసి చూస్తుంది. రోజూ రాత్రి పడుకోవడానికి కొమ్మలు వంచి, అల్లి, పైన ఆకులు పరిచి గూడు కట్టడం కూడా ఇలాగే వస్తుంది.

ఇంత పెంపకం అవసరం కాబట్టే కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఒక తల్లిని చంపితే పోయేది ఒక ప్రాణం కాదు. ఆమె కనబోయే పిల్లలు, వాటికి నేర్పబోయే అడవి కూడా పోతాయి.

తల్లి స్థానంలో మనుషులు

కేంద్రానికి వచ్చిన పిల్లను ముందు క్వారంటైన్‌లో ఉంచి పరీక్షలు చేస్తారు. ఆ తరువాత తాళ్ళు ఎక్కడం, కొమ్మ నుంచి కొమ్మకు పాకడం, గూడు కట్టడం అలవాటు చేస్తారు. కాస్త పెద్దవయ్యాక అడవి అంచున వదులుతారు. మంచె మీద పెట్టే తిండిలో కావాలనే పెద్దగా మార్పు ఉండనివ్వరు. రోజూ అదే తిని విసుగు పుడితే అడవిలోకి వెళ్ళి వేరే రుచులు వెతుక్కోవాలని వారి ఆలోచన. అన్నిటికన్నా కష్టమైన పాఠం మనిషికి దూరంగా ఉండడం. చేతుల్లో పెట్టుకుని పాలు పట్టినవాళ్ళే తరువాత దాన్ని తమ నుంచి దూరం చేయాలి.

చూడ్డానికి వెళ్ళేవారు కూడా ఆ పాఠంలో భాగమే. మన జన్యువుల్లో దాదాపు 97 శాతం వాటితో కలుస్తాయి కనుక మన జబ్బులు వాటికి తేలికగా అంటుకుంటాయి. మనకు మామూలు జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. ఒంట్లో బాగాలేని రోజున వెళ్ళకపోవడమే మేలు. తిండి పెట్టడం అంతకన్నా ప్రమాదం. సుమత్రాలోని బుకిట్ లవాంగ్‌లో 1973లో ఇలాంటి కేంద్రమే మొదలైంది. అక్కడ పర్యాటకుల చేతి పళ్ళకు అలవాటు పడిన కొన్ని ఒరాంగుటాన్లు దారికి అడ్డం వచ్చి తిండి కోసం మీదపడడం నేర్చుకున్నాయి. శ్రీశైలం ఘాట్ రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్ళు విసిరితే ఏమవుతుందో చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. పిల్లను ఎత్తుకుని ఫోటో దిగనిచ్చే చోటు ఏ పేరు పెట్టుకున్నా పునరావాస కేంద్రం కాదు. అక్కడ టిక్కెట్టు కొనకండి.

అడవి లేకపోతే ఎక్కడికి?

బోర్నియోలో 1999 నుంచి 2015 దాకా లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. వేటతో పాటు కలప కోసం, పామాయిల్ తోటల కోసం అడవులు కొట్టడం ఇందుకు కారణాలు. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేసియాల నుంచే వస్తుంది. మన వంటింటి నూనెకూ ఆ అడవికీ సంబంధం ఉందన్నమాట.

అలాగని తప్పు పంటది కాదు. ఎకరానికి పామాయిల్ ఇచ్చినంత నూనె మరే పంటా ఇవ్వదు. దాన్ని మానేసి వేరే నూనె వాడితే ఇంకా ఎక్కువ నేల కావాలి. ఏలూరు జిల్లాలోనో అశ్వారావుపేటలోనో సాగులో ఉన్న పొలంలో వేసిన తోట వేరు, వర్షారణ్యాన్ని నరికి వేసిన తోట వేరు. ఈ నూనె ఏ నేల నుంచి వచ్చిందో చెప్పమని కంపెనీలను, దిగుమతి చేసుకునే ప్రభుత్వాన్ని అడిగే హక్కు కొనేవారికి ఉంది.

సెపిలోక్ వంటి కేంద్రాలకు మనం ఇచ్చే ప్రవేశ రుసుము ఒక అనాథ పిల్లను బతికించడానికి ఉపయోగపడుతుంది. అది అవసరమే. కానీ ఎంత శ్రద్ధ ఉన్నా, మనుషులు ఏళ్ళు పట్టి నేర్పేదాన్ని అంతకన్నా బాగా, ఖర్చు లేకుండా నేర్పగలిగేది తల్లి ఒక్కతే. ఆమెకు కావలసింది నరకని అడవి. మన శ్రమలో, సొమ్ములో, నిలదీతలో పెద్ద వాటా దానికే దక్కాలి.