బండి మీద డెల్టా చదువుదాం

విజయవాడలో చదివేవాళ్లకి వీకెండ్ రైడ్ అంటే కొండపల్లి కోటో, ఉండవల్లి గుహలో. ఈసారి బందరు రోడ్డెక్కండి. రానూపోనూ సుమారు 140 కిలోమీటర్లు. డెల్టా అంటే నాకు స్కూల్లో ఒక త్రిభుజం బొమ్మ, రెండు మార్కులు. ఈ దారిలో వెళ్తే అదెలా పుట్టిందో కళ్లారా చూడొచ్చు.

ముందు ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు ఆగండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదకి తెగిపోతే, 1957 నాటికి ఈ బ్యారేజీ కట్టారు. కంకిపాడు, ఉయ్యూరు దాటాక కనిపించే పచ్చదనమంతా ఇక్కడి కాలువల పుణ్యమే.

పామర్రులో కుడివైపు తిరిగితే కూచిపూడి. మన నాట్యానికి పేరిచ్చిన ఊరు ఇదే. జెండా రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కలే.

చల్లపల్లి వైపు ఇంకొంచెం వెళ్తే ఘంటసాల. పేరు వినగానే పాట గుర్తొస్తుంది కానీ, ఇది ఒకప్పటి రేవు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన 'కొంటకొస్సిల' ఇదేనని చరిత్రకారులు అంటారు. ఇక్కడి శాసనంలో ఒక మహానావికుడి పేరుంది. బౌద్ధ స్తూపం పునాది ఇంకా ఉంది. మరి సముద్రమేది? ఇరవై కిలోమీటర్ల పైనే దూరంలో ఉంది!

కారణం ఒండ్రు. పల్లానికి చేరేసరికి నది వేగం తగ్గి, మోసుకొచ్చిన మట్టిని వదిలేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి వరదా ఒక కమిట్. పాతది చెరిగిపోదు, కొత్తది పైన చేరుతుంది. అలా నేల పెరిగింది, సముద్రం వెనక్కి జరిగింది.

చివరి స్టాప్ కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం (ఉత్తరాంధ్రది కాదు). శ్రీకృష్ణదేవరాయలకి 'ఆముక్తమాల్యద' రాయమని కలలో చెప్పింది ఇక్కడి ఆంధ్రమహావిష్ణువే అంటారు. ఒడ్డున నిలబడి నీళ్లని చూడండి. ఒండ్రులో చాలా భాగం ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్ దగ్గరే ఆగిపోతోంది. కొత్త మట్టి తగ్గేసరికి తీరం కొన్నిచోట్ల కోతకి గురవుతోంది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు నాగాయలంక వైపు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. రెండు వేల ఏళ్లు వెనక్కి జరిగిన సముద్రం, ఇప్పుడు మళ్లీ ఇటు చూస్తోంది.