రెబ్బలు కట్టని వెల్లుల్లి

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మేడ మీద కుండీల్లో జనవరిలో వెల్లుల్లి నాటారట. ఆకులు ఏపుగా పెరిగాయి. ఏప్రిల్‌లో పీకి చూస్తే కొన్ని మొక్కల కింద అంగుళం లావున గుండ్రటి ముద్ద ఒక్కటే ఉంది, రెబ్బలు లేవు. మిగతావాటికి అదీ లేదు, తెల్లటి కాడ తప్ప. ఎరువు చాలలేదా, మట్టి మంచిది కాదా అని ఆమె అడుగుతున్నారు. ఎరువూ కాదు, మట్టీ కాదు. ఆ మొక్కలకు చలి తగల్లేదు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెల ఇంకో విషయం రాయాలని నాకు అనిపించలేదు.

వెల్లుల్లి ఉల్లికి దగ్గర చుట్టం. మధ్య ఆసియా కొండ ప్రాంతాల్లో పుట్టింది. అక్కడ చలికాలం కఠినంగా ఉంటుంది, వేసవిలో పగళ్లు బాగా పొడవు. సాగులో ఉన్న రకాలు విత్తనం కట్టవు కాబట్టి రెబ్బనే నాటుకోవాలి. పరిచయానికి ఈ మాత్రం చాలు.

ఇప్పుడు ఒక రెబ్బను తొక్కతో సహా నిలువునా కోయండి. పైన కాగితం లాంటి పొర ఉంటుంది, అది ఎండిపోయిన ఆకు. లోపల మనం తినే తెల్లటి కండ ఉంటుంది. ఆ కండంతా కలిపి ఒకే ఒక్క ఆకు, ఆహారం నింపుకుని ఉబ్బిన ఆకు. దాని నడుమ సన్నటి సందులో లేత పసుపుపచ్చ మొలక కనిపిస్తుంది. మొలక అడుగున, కంటికి ఆనీ ఆనని చోట, కొత్త ఆకుల్ని పుట్టించే కొన చిగురు ఉంటుంది. ఏ చెట్టుకైనా ఆకు పంగలో చిగురు వస్తుంది కదా. వెల్లుల్లికి ఆ చిగురు నేల కింద, లోపలి ఆకుల పంగల్లో పుడుతుంది. కొమ్మగా సాగకుండా ఆహారం నింపుకుని నిద్రలోకి జారుతుంది. అదే రెబ్బ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో లూయిస్ మాన్ ఈ నిర్మాణాన్ని పొర పొరా విప్పి 1952లో ప్రచురించారు.

పాఠకురాలి గుండ్రటి ముద్దను కోసినా సరిగ్గా ఇదే కనిపిస్తుంది: ఒకే కండ, ఒకే మొలక. అది రెబ్బలు లేని గడ్డ కాదు, గడ్డంత పెరిగిన ఒక్క రెబ్బ. పక్క చిగుళ్లు పుట్టనేలేదు. ఎండలు ముదిరి పగళ్లు సాగేసరికి నడిమి చిగురే తన ఆకును ఉబ్బించుకుని పడుకుంది. ఒంటిరెబ్బ వెల్లుల్లిని అరుదైన మూలికలా ఎక్కువ ధరకు అమ్మేవాళ్లున్నారు. మామూలు వెల్లుల్లే పక్క చిగుళ్లు వేయకపోతే ఒంటిరెబ్బ అవుతుంది. దాన్ని తగిన చలిలో మళ్లీ నాటితే చక్కగా రెబ్బలు కడుతుంది.

పక్క చిగుళ్లు పుట్టాలంటే చలి కావాలి. మాన్, ఆయన సహచరుడు మింజెస్ 1958లో తేల్చింది ఇదే. నాటబోయే రెబ్బలకు గానీ, లేత మొక్కలకు గానీ సున్నా నుంచి 10 డిగ్రీల మధ్య చలి నెల, రెండు నెలలు తగిలితే గడ్డ త్వరగా ఊరుతుంది. 20 డిగ్రీల కన్నా తక్కువ వేడిమిని ఎన్నడూ చూడని మొక్క గడ్డ కట్టకపోవచ్చు. విజయవాడలో జనవరి రాత్రులు కూడా మామూలుగా 18, 19 డిగ్రీల దగ్గరే, ఆ హద్దుకు కొంచెం కిందే ఆగిపోతాయి. హైదరాబాదులో 15 దాకా దిగుతాయి. అందుకే అక్కడి కుండీలకు కాస్త నయం.

చలి తర్వాత రెండో సంకేతం పగటి పొడవు. హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పైచిలుకు. మన మైదానాల రకాలకు ఫిబ్రవరి పగలు సరిపోతుంది. హిమాలయ ప్రాంతపు పెద్ద రెబ్బల రకాలకు చాలదు. అగ్రిఫౌండ్ పార్వతి లాంటివి చూడ్డానికి ఊరిస్తాయి గానీ అవి కొండ ప్రాంతాలకు చేసినవి. ఇక్కడ నాటితే ఆకులే మిగులుతాయి.

ఇందులో నన్ను పట్టి ఆపేసే సంగతి ఒకటుంది. మొక్క చలిని కొన చిగురుతో గ్రహిస్తుంది, పగటి పొడవును ఆకులతో కొలుస్తుంది. పైగా చలి పోయిన వారాల తర్వాత కూడా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. నరాలు లేవు, మెదడు లేదు. మరి ఎలా?

జవాబుకు ముందు కొంత చరిత్ర. పూతకు చలి అవసరమని ధాన్యపు పైర్లలో జర్మనీ శాస్త్రవేత్త గుస్తాఫ్ గాస్నర్ 1918లోనే శుభ్రంగా నిరూపించారు. పదేళ్లు తిరిగేసరికి సోవియట్ యూనియన్‌లో ట్రోఫిమ్ లైసెంకో అదే విషయాన్ని తన ఆవిష్కరణగా చాటాడు. అంతటితో ఆగినా బాగుండేది. విత్తనానికి ఒకసారి చలి చూపితే ఆ గుణం తర్వాతి తరాలకూ దిగుతుందన్నాడు. తడిపి చల్లబరిచిన విత్తనాలను దేశమంతటా రైతుల చేత చల్లించాడు. మొదట్లో అతన్ని ప్రోత్సహించిన నికొలాయ్ వావిలోవ్ తర్వాత ఎదురు నిలిచారు. 1940లో అరెస్టయి, 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో కన్నుమూశారు. ప్రపంచం నలుమూలల పంటల విత్తనాలను ఒకచోట చేర్చిన మనిషి ఆయన.

లైసెంకో తప్పు ఎక్కడుందో ఇవాళ అణువుల స్థాయిలో తెలుసు. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పూతను ఆపి ఉంచే జన్యువు ఒకటుంది, పేరు ఎఫ్ఎల్‌సి. చలి వారాల తరబడి సాగితే ఆ జన్యువు చుట్టూ ఉన్న ప్రోటీన్లకు రసాయన ముద్రలు పడి, అది మూతపడుతుంది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో కరోలిన్ డీన్, మార్టిన్ హోవర్డ్ 2011లో చూపించిన సంగతి ఇంకా అందమైనది. ఏ కణంలోనూ ఆ జన్యువు సగం మూతపడదు. ఒక్కో కణంలో పూర్తిగా మూతపడుతుంది, లేదా తెరిచే ఉంటుంది. వీధిలో ఒక్కో ఇంటి దీపం ఆరుతూ పోయినట్టు, చలి సాగేకొద్దీ ఆరిన కణాల సంఖ్య పెరుగుతుంది. మొక్క వారాలు లెక్కపెట్టే పద్ధతి ఇదే. విత్తనంలో పిండం ఏర్పడేటప్పుడు ఆ ముద్రలు చెరిగిపోతాయి, లెక్క మొదటికి వస్తుంది. కాబట్టి బిడ్డ మొక్కకు తల్లి చూసిన చలి దక్కదు. గోధుమకు ఈ పని చేసే జన్యువులు వేరు, వెల్లుల్లి దారి కూడా ఇదేనని నేననను. కానీ వెల్లుల్లి సాక్ష్యం మరీ విచిత్రమైనది. అది విత్తనం దశ గుండా పోనే పోదు, ఒకే శరీరం ఏటా ముక్కలై కొనసాగుతుంది. అయినా కొత్త రెబ్బలకు ఏటా మళ్లీ చలి కావలసిందే.

ఇక ఆకులు కొలిచిన పగటి వార్త చిగురుకు ఎలా చేరుతుంది? ఆకు నుంచి కొనకు ప్రయాణించే పదార్థం ఒకటి ఉండి తీరాలని, దాన్ని ఫ్లోరిజెన్ అందామని 1937లో మిఖాయిల్ చైలాఖ్యాన్ ప్రతిపాదించారు. ఆయన కూడా సోవియట్ శాస్త్రవేత్తే. లైసెంకో వర్గం ఆయన మీదా విరుచుకుపడింది. ఆ పదార్థం ఎఫ్‌టి అనే ప్రోటీన్ అని 2007లో జర్మనీ, జపాన్ బృందాలు చూపించాయి. చైలాఖ్యాన్ చెప్పిన 70 ఏళ్లకు! 2013లో న్యూజిలాండ్ పరిశోధకులు ఉల్లిలో ఇదే ప్రోటీన్ కుటుంబాన్ని పరీక్షించారు. ఆ కుటుంబంలో ఒకటి చలి తర్వాత పూత తెప్పిస్తుంది. ఇంకొకటి పగళ్లు పొడవైనప్పుడు గడ్డ ఊరిస్తుంది. మూడోది పగళ్లు పొట్టిగా ఉన్నంతకాలం ఆ ఊరడాన్ని ఆపి ఉంచుతుంది. పువ్వు పూయించే వార్తాహరుడి తోబుట్టువే గడ్డను కూడా ఊరిస్తోంది! చైలాఖ్యాన్ 1991లో పోయారు. ఈ రెండు రుజువుల్లో ఒక్కటీ ఆయన చూడలేదు.

సాగు విషయం క్లుప్తంగా చెప్తాను. వినాయక నిమజ్జనాలు అయ్యాక గడ్డలను విడదీయకుండా కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు. దీపావళి నాటికి తీసి, అదే రోజు రెబ్బలు విడదీసి, లావుపాటివే ఏరి, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటండి. మధ్య నాలుగైదు అంగుళాల ఎడం, నీరు నిలవని మట్టి, పూర్తి ఎండ ఉండాలి. పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన భీమా పర్పుల్ లాంటి మైదానపు రకం దొరికితే మేలు. ఆకుల కొనలు పసుపెక్కగానే నీళ్లు ఆపేయండి. వంట కోసం దాచుకునే వెల్లుల్లిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలే దాని నిద్ర చెడగొట్టి మొలకెత్తిస్తుంది. గాలి ఆడే చోట వేలాడదీస్తే చాలు.

కుండీ వెల్లుల్లితో ఇంటి ఖర్చేమీ తగ్గదు. పచ్చి ఆకులు పప్పులోకీ పచ్చట్లోకీ బాగుంటాయి, వాటికైతే చలి అక్కర్లేదు. కానీ ఈ మొక్కను కళ్లారా పరీక్షించే వీలు మనందరికీ ఉంది. ఒకే గడ్డల్లో సగం ఫ్రిజ్‌లో, సగం బయట ఉంచి, రెండు కుండీల్లో ఒకే రోజు నాటండి. మార్చిలో రెండూ పీకి, అడ్డంగా కోసి, రెబ్బలు లెక్కపెట్టి, మీ ఊరి పేరుతో సహా మాకు రాయండి.