తప్పు బూజుది కాదు, తడిది

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మా అమ్మ ఊరుకునేది కాదు. "బూజు ఎక్కడినుంచో రానక్కరలేదురా, గాలిలోనే ఉంటుంది. తడి తగిలిందా, లేచి కూర్చుంటుంది" అనేది. ఆ మాట వంటింటికే చెందినదని చాలాకాలం అనుకున్నాను. మా శరీరాలకూ అదే వర్తిస్తుందని రెండేళ్ళ క్రితం అనుభవం మీద తెలిసివచ్చింది.

ఆ వేసవిలో నా నడుము వద్ద, బెల్టు ఒరిసే చోట, గుండ్రని ఎర్రమచ్చ లేచి విపరీతంగా దురద పెట్టింది. తామర అని తెలిసి కూడా వైద్యుని చూడక, మందుల దుకాణంలో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. మూడు రోజులలో దురద తగ్గింది. మానగానే తిరిగి వచ్చింది. మళ్ళీ రాశాను. రెండు నెలలు గడిచేసరికి అది తొడలకు పాకింది. నా శ్రీమతికి, నా తువాలే వాడే మా అబ్బాయికి కూడా అంటింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉన్నదనీ, అది ఎరుపునూ దురదనూ కప్పిపుచ్చి, చర్మం చేసే ప్రతిఘటనను అణచి శిలీంధ్రానికి దారి ఇచ్చిందనీ చర్మవైద్యులు చెప్పారు.

ఆ నెలలోనే, దగ్గుకు యాంటీబయాటిక్ వాడిన అమ్మకు నాలుక మీద తెల్లని పొర కట్టింది. ఆమె మధుమేహ రోగి. 2021లో చూసిన బ్లాక్ ఫంగస్ భయం మాకు ఇంకా పోలేదు. వైద్యులు పరీక్షించి, ఇది సాధారణమైన నోటిపూతేననీ, అయితే రక్తంలో చక్కెర అదుపు తప్పిందనీ అన్నారు.

మనతోనే ఉన్న జీవులు

ఆరోగ్యవంతుల దేహంలోనూ శిలీంధ్రాలు నివసిస్తాయి. మలస్సేజియా అనునది చర్మపు జిడ్డును ఆహారంగా గ్రహించి తలమీద, ముఖంమీద ఉంటుంది. అదే మితిమీరితే చుండ్రుకు దోహదం చేస్తుంది. కాండిడా నోటిలోను, పేగులలోను ఉంటుంది. బాక్టీరియాతో పోల్చితే వీటి సంఖ్య బహు స్వల్పం. బాక్టీరియా స్థలాన్నీ ఆహారాన్నీ ఆక్రమించి కాండిడాను అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్ ఆ బాక్టీరియాను చంపుతుంది గాని శిలీంధ్రాన్ని చంపదు. కాపలా పోయిన ఇంట కాండిడా విజృంభిస్తుంది. అధిక చక్కెర దానికి విందు.

బ్లాక్ ఫంగస్ కథా ఇంతే. దానికి కారణమైన శిలీంధ్రాలు మట్టిలో, గాలిలో ఉండేవే; అందరమూ పీల్చేవే. కోవిడ్ వేళ ముఖ్యంగా చక్కెర అదుపు తప్పినవారినీ, స్టెరాయిడ్లు అధికంగా వాడినవారినీ అవి కబళించాయి. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని 1897 నాటి అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది.

చరకుని విభజన

చరక సంహిత విమానస్థానంలో ఇరవై రకాల క్రిములను చెబుతూ, పుట్టుకతో దేహంలో ఉండే సహజ క్రిములను వాటినుండి వేరుచేశారు. నేటి శిలీంధ్రాలను ఎరిగి అట్లా వ్రాశారని నేననను. కాని అక్కడ చెప్పిన చికిత్సాక్రమం ఆలోచింపదగినది: క్రిమిని తొలగించుట, అది పెరిగే ప్రకృతిని మార్చుట, కారణాన్ని విడిచిపెట్టుట. నేను ట్యూబుతో చేసినది ఈ మూడింటిలో ఏదీ కాదు.

ఇంట పాటించవలసినవి

1. స్నానానంతరం గజ్జలు, చంకలు, వేళ్ళ సందులు పూర్తిగా తుడుచుకొని ఆరిన తరువాతనే బట్టలు కట్టుకోవాలి. వదులైన నూలు బట్టలు మేలు.

2. తువాళ్ళు, లోదుస్తులు ఎవరివి వారికే ఉండాలి. వాటిని వేడినీట ఉతికి ఎండలో ఆరవేయాలి.

3. తామరకు స్టెరాయిడ్ కలిసిన పూతలు వాడరాదు. ఇంట ఎందరికి ఉంటే అందరికీ ఒకేసారి చికిత్స జరగాలి. మచ్చ మాయమైనా వైద్యులు చెప్పిన గడువు వరకు మందు ఆపరాదు. వాడుకలోని టెర్బినఫిన్‌కు లొంగని తామర శిలీంధ్రం మన దేశంలో వ్యాపించి ఉన్నది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

4. తగిరిసకు సంస్కృతంలో దద్రుఘ్నమని, అనగా తామరను హరించునదని పేరు. అయినను విస్తరించిన తామరకు ఆకు పసరుతో కాలయాపన చేయరాదు.

5. మధుమేహ రోగులు చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. కట్టుడు పళ్ళను రాత్రి తీసి శుభ్రపరచాలి. ముఖంలో ఒకవైపు నొప్పి, వాపు, ముక్కునుండి నల్లని స్రావం, చూపు మందగించుట కనిపిస్తే ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

మా ముగ్గురికీ తామర పూర్తిగా తగ్గుటకు మూడు నెలలు పట్టింది. చక్కెర అదుపులోకి రాగా, మందుతో అమ్మ నాలుక శుభ్రపడింది. ఇప్పుడు నా తువాలు విడిగా, ఎండలో ఆరుతూ ఉంటుంది. దానిని చూసి అమ్మ, "జాడీ సంగతి ఇన్నాళ్ళకు అర్థమైందిరా నీకు" అంటుంది.