దూడకా? గుడారానికా?

సీనాయి కొండ దిగువన ఇశ్రాయేలీయుల పాళెంలో బెసలేలు అనే పనివాడుండేవాడు. యూదా గోత్రికుడు, హూరు మనుమడు. అతడు మోషేలా ప్రవక్త కాడు, అహరోనులా యాజకుడూ కాడు. లోహం పోత పోయడం, రత్నాలు పొదగడం, చెక్క చెక్కడం అతని విద్య. అయితే దేవుడు అతణ్ని పేరు పెట్టి పిలిచాడు. తన ఆత్మతో నింపానని మోషేకు చెప్పాడు (నిర్గమ 31:1–5). ఒక వ్యక్తి పేరు చెప్పి, అతణ్ని దేవుని ఆత్మతో నింపానన్న మాట బైబిల్లో మొదట వినిపించేది ఇక్కడే. ఆ మాట ప్రసంగీకుని గురించి కాదు, రాజు గురించీ కాదు. ఉలి, సుత్తి పట్టిన ఒక చేతిపనివాని గురించి!

ఆ తర్వాతి అధ్యాయం చదివితే గుండె ఝల్లుమంటుంది. కొండమీద దేవుడు పనివాణ్ని ఏర్పరుస్తున్న వేళకే, కొండ కింద ప్రజలు చెవుల పోగులు తీసిచ్చారు. అహరోను పోగరతో వాటిని బంగారు దూడగా రూపొందించాడు (నిర్గమ 32). ఇదే జనం 35వ అధ్యాయంలో మళ్లీ పోగులు, ఉంగరాలు, కడియాలు తీసి ఇచ్చారు. ఈసారి ప్రత్యక్షపు గుడారం లేచింది. ఇచ్చిన జనం ఒక్కరే, ఇచ్చింది బంగారమే. చేతిపని నేర్పు దూడనూ చేయగలదు, గుడారాన్నీ చేయగలదు. తేడా నేర్పులో లేదు, అది ఎవరి మహిమ కోసం పనిచేస్తోందన్న దాంట్లో ఉంది.

ఈ రెండు అధ్యాయాల మీద సెమినరీలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాం. కానీ మా సంఘంలోనే మేము దూడ దగ్గర నిలబడి ఉన్నామని గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది.

'ఇందులో పేదవాళ్లెక్కడ?'

మా సంఘంలో ఒక యువకుడున్నాడు. బొమ్మలు వేయడం చదువుకున్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనరు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక దగ్గరికొచ్చి, "అయ్యగారూ, నాకు పాడటం రాదు, వాక్యం చెప్పడం రాదు. బొమ్మలు మాత్రం వేయగలను. పేదవాళ్లకు పనికొచ్చేదేదైనా ఉంటే చెప్పండి, ఊరికే చేసిపెడతాను" అన్నాడు. మాకెంతో సంతోషమైంది. వెంటనే పని అప్పగించాం. ఏం పని? ఆ నెల జరగబోయే కన్వెన్షన్‌కు ఫ్లెక్సీ!

మధ్యలో చేతులు జోడించిన మా ఫొటో, చుట్టూ గుండ్రటి చట్రాల్లో వర్తమానికుల ఫొటోలు, కింద కమిటీ పెద్దలు. ఆ తర్వాత క్రిస్మస్ ఆహ్వానం, గుడ్‌ఫ్రైడే పోస్టరు, యూత్ రిట్రీట్ బ్యానరు. మూడేళ్లపాటు రాత్రుళ్లు మేలుకుని అతడు అన్నీ చేసిపెట్టాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. మా ఫొటో ఏడాదికేడాది పెద్దదవుతూ వచ్చింది. ఒకరోజు కొత్త ఫ్లెక్సీ చూపిస్తూ మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, ఇందులో పేదవాళ్లెక్కడున్నారు?"

మా దగ్గర జవాబు లేదు. ఏదో సర్ది చెప్పి పంపాం. తర్వాత కొన్ని నెలలు అతడు గుడికి రాలేదు. ఎవరో తప్పుబోధ చేసి అతణ్ని తీసుకుపోలేదు. మేమే పంపేశాం. ఆత్మ ఇచ్చిన వరాన్ని పట్టుకుని సేవకొచ్చిన మనిషికి మా బొమ్మ అలంకరించే పని ఇచ్చి పంపేశాం.

వడ్రంగం నేర్చిన వైద్యుడు

ఆ దినాల్లో మాకు పదేపదే జ్ఞాపకమొచ్చిన వ్యక్తి డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడులోని కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. డాక్టరు కావాలని మొదట అనుకోలేదు. తండ్రిలాగే కొండ ప్రజలకు ఇళ్లు కట్టిపెట్టాలని ఇంగ్లండులో కొన్నేళ్లు వడ్రంగం, కట్టడం పని నేర్చుకున్నాడు. ఆ తర్వాతే వైద్యం చదివి 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. వడ్రంగానికి పోయిన ఏళ్లు వృథా అయ్యాయని ఎవరైనా అనుకుని ఉండవచ్చు. దేవుని లెక్క వేరు.

కుష్ఠు వ్యాధిలో వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో జనం నమ్మేవారు. జబ్బు నరాలను దెబ్బతీస్తుంది గనుక నొప్పి తెలియదని, నొప్పి తెలియదు గనుక గాయమైన పాదం మీదే మనిషి నడుస్తూ పోతాడని, పుండు అలా ముదురుతుందని బ్రాండ్, ఆయన సహచరులు నిరూపించారు. మరి మందు ఒక్కటే చాలదు కదా! పాదం మీద బరువు సమంగా పడే చెప్పు కావాలి. రకరకాల పదార్థాలతో ప్రయత్నించి చివరికి సన్నని గాలిగదులుండే మెత్తటి రబ్బరును ఎన్నుకున్నారు. మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులుగా అవి దేశమంతటి కుష్ఠు ఆసుపత్రులకు చేరాయి. చెప్పులు కుట్టేవాని నేర్పూ, శస్త్రచికిత్స చేసే వైద్యుని జ్ఞానమూ ఒక రోగి పాదం దగ్గర కలిశాయి. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి తెలిసిన మనకు ఇది వింతగా తోచకూడదు.

అయితే అక్కడా ఒక చిక్కొచ్చింది. ఆ చెప్పుల తీరు ప్రత్యేకంగా ఉండేది. తొడుక్కున్న మనిషిని చూడగానే ఫలానా జబ్బు అని ఊరివాళ్లు పోల్చుకునేవారు. అవమానానికి భయపడి కొందరు వాటిని పక్కన పడేసేవారు. పాదాన్ని కాపాడేదే మనిషి పరువు తీస్తే ఏం లాభం? అందుకే మామూలు చెప్పుల్లా కనిపించేలా తయారు చేయడం మీద ఆ తర్వాత చాలా కృషి జరిగింది. సేవలో అందం అదనపు సొగసు కాదని ఇది మనకు నేర్పుతుంది. పేదవాని పరువు నిలబెట్టే అందం ప్రేమలో భాగమే.

ఆపరేషన్‌తో చేతులు బాగుపడ్డ రోగులకు మరో ఇబ్బంది ఎదురైంది. వంకర చేతులు చూసి జాలిపడి వేసే భిక్షం తగ్గిపోయింది! పనిలోకి తీసుకునేవారూ లేరు. బ్రాండ్ అక్కడితో చేతులు దులుపుకోలేదు. వేలూరు ఆవరణలో 'నవజీవ నిలయం' ఏర్పాటు చేసి, వారికి వడ్రంగం, చెక్క బొమ్మల తయారీ నేర్పించాడు. యౌవనంలో తాను నేర్చిన వడ్రంగాన్ని ఆ చేతుల్లో పెట్టాడు. బెసలేలుకు దేవుడు పని చేసే నేర్పుతో పాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా ఇచ్చాడని వాక్యం చెబుతోంది (నిర్గమ 35:34). నేర్పడంతోనే ఆ వరం నిండుతుంది.

కొడవలి అనుకున్న చంద్రవంక

మా కథకు తిరిగి వద్దాం. మా సంఘం దగ్గర్లోని ఒక పల్లెలో ఉచిత వైద్య శిబిరం పెట్టాం. డాక్టరు చూశారు, మందులిచ్చాం, కవర్ల మీద ఎప్పుడెన్ని వేసుకోవాలో రాశాం. పది రోజులకు ఒక అవ్వ కళ్లు తిరిగి పడిపోయిందని కబురొచ్చింది. పొద్దున ఒక్కసారి వేసుకోవలసిన షుగరు మాత్ర రాత్రి కూడా వేసుకుందట. ప్రభువు దయవల్ల ప్రాణాపాయం తప్పింది. కవరు మీద అంతా స్పష్టంగానే రాసి ఉంది. కానీ అవ్వకు చదువు రాదు!

ఆ సాయంత్రం ఆ యువకుడి ఇంటికి వెళ్లాం. ముందు క్షమాపణ అడిగాం. తర్వాత అవ్వ సంగతి చెప్పాం. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, "ఆ ఊరికి నన్ను తీసుకెళ్తారా అయ్యగారూ?" అన్నాడు.

వెళ్లేటప్పుడు కాగితాల మీద గీసిన బొమ్మలు వెంట తెచ్చుకున్నాడు. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రవంక. మాకు బ్రహ్మాండంగా అనిపించాయి. రచ్చబండ దగ్గర కూర్చున్న అవ్వలకు చూపించాడు. ఒకామె చంద్రవంకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కొడవలి కదా నాయనా! కోతకెళ్లే ముందు మింగాలా?" అంది. అందరూ నవ్వారు. అతడూ నవ్వి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే మీరే చెప్పండమ్మా, పొద్దున అంటే ఏం గుర్తొస్తుంది మీకు?" అని అడిగాడు. కోడిపుంజు అన్నారు. మధ్యాహ్నానికి అన్నం కంచం. రాత్రికి మంచం. రెండు మధ్యాహ్నాలు వాళ్లతో కూర్చుని, వాళ్ల మాట ప్రకారం మళ్లీ మళ్లీ గీశాడు. మూడు రబ్బరు స్టాంపులు చేయించాం. బొమ్మ కింద ఎన్ని మాత్రలైతే అన్ని చుక్కలు. డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే వాడాం. మందులిచ్చే సిస్టరు నోటితో చెప్పడం మానలేదు, అవ్వచేత తిరిగి చెప్పించడమూ మొదలుపెట్టింది.

కంప్యూటరు లేదు, ఫ్లెక్సీ లేదు. మూడు రబ్బరు ముక్కలు! ఆ ఊళ్లో మేము చెప్పిన ప్రసంగాలు ఎంతమందికి గుర్తున్నాయో గానీ, కోడిపుంజు మాత్ర ఏదో ప్రతి అవ్వకూ తెలుసు.

చదువు రానివారికి బొమ్మతో చెప్పడం సంఘానికి కొత్త కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు క్రీస్తు జననాన్ని, సిలువను, ఆరోహణాన్ని అక్షరం రానివారికి కూడా చూపిస్తాయి. కరువుకాలంలో ఆ కట్టడపు పనే ఎందరికో కూడు పెట్టింది. అందం, అన్నం రెండూ ఒకే పనిలో కలవగలవని మన పెద్దలు చూపించి వెళ్లారు.

'వారితో' ఉన్న దొర్కా

యొప్పే పట్టణంలో తబితా అనే శిష్యురాలుండేది. దొర్కా అన్నా ఆమే. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి ఏడుస్తూ, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రాలు చూపించారు (అపొ. కార్య. 9:36–42). ఆమె చేసిన ప్రసంగం ఒక్కటీ బైబిల్లో లేదు. ఆ బట్టలే ఆమె సాక్ష్యం. లూకా అక్కడ ఒక చిన్న మాట చేర్చాడు. తమతో ఉన్నప్పుడు ఆమె కుట్టిన బట్టలట అవి. 'తమ కోసం' అన్నంతటితో ఆగలేదు, 'తమతో' అన్నాడు. పక్కన కూర్చోకుండా ఎవరి కొలత ఎంతో ఎలా తెలుస్తుంది? మన సేవ చాలాసార్లు దూరం నుంచి కొలత తీయకుండా కుట్టిన అంగీలా ఉంటుంది. ఇచ్చినవారికి తృప్తి, తీసుకున్నవారికి ఇరుకు.

చేతిలో కళ ఉన్న సోదర సోదరీలు ఒక అనాథాశ్రమానికో, వృద్ధాశ్రమానికో, ఆసుపత్రికో వెళ్లి మొదట అడగండి, తర్వాత గీయండి. మసకబారిన కళ్లున్న పెద్దలకు పెద్ద అక్షరాల పాటల పుస్తకం, ఆసుపత్రిలో దారి తెలిపే బొమ్మల బోర్డు, హాస్టలు పిల్లలు తామే రంగులు వేసుకునే గోడ... పనులకు కొదవ లేదు. విరాళాల కరపత్రం వేసేటప్పుడు ఒక్క సంగతి మరవకండి. అనుమతి లేకుండా పేదవాని కన్నీటి ఫొటో వేయవద్దు. అతడూ దేవుని స్వరూపంలో సృజింపబడినవాడే. మన బిడ్డ ఫొటోను అలా గోడకెక్కిస్తామా?

సంఘ కాపరులకు, పెద్దలకు కూడా ఒక మాట. సేవ పేరు చెప్పి కళాకారుని కడుపు కొట్టకండి. పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే అన్నాడు (లూకా 10:7). అతడు మనసారా ఇచ్చేది కానుక, మనం మొహమాటపెట్టి లాక్కునేది కానుక కాదు. పైగా గుడారం పనికి ప్రజలు తెచ్చినది చాలినంతకంటే ఎక్కువైనప్పుడు, ఇక తేవద్దని మోషే చాటించాడు (నిర్గమ 36:5–7). చాలు అనడం తెలిసిన నాయకుడు అతడు. మనలో ఎందరం ఆ మాట అనగలం?

బెసలేలు చేసిన పనిలో అతి శ్రేష్ఠమైనది మందసం, దానిమీది కరుణాపీఠం, బంగారు కెరూబులు. దాన్ని ఎక్కడ ఉంచారు? అడ్డతెర వెనుక, అతిపరిశుద్ధ స్థలంలో. ఏడాదికొక్కసారి ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అక్కడికి వెళ్లరు. తాను చేసిన అందమైన వస్తువును బెసలేలు కూడా మళ్లీ చూసి ఉండడు. దానిమీద అతని పేరు లేదు, ఫొటో అసలే లేదు. దేవుడు చూశాడు, అది చాలు.

మరుసటి ఏడు మా కన్వెన్షన్ ఫ్లెక్సీ కూడా ఆ యువకుడే వేశాడు. ఒక వాక్యం, తేదీలు, స్థలం. మా ఫొటో లేదు. సభలకు జనం ఎప్పటిలాగే వచ్చారు. మా ఫొటో ఏదని ఒక్కరూ అడగలేదు! మిగిలిన డబ్బు మందుల కవర్లకు పనికొచ్చింది.

దేవుడు మీ చేతుల్లో ఏ నేర్పు పెట్టాడు? గీసేదా, కుట్టేదా, చెక్కేదా, అక్షరాలు దిద్దేదా? ఆ నేర్పు ఈరోజు దూడకు పనిచేస్తోందా, గుడారానికి పనిచేస్తోందా? సంఘమంతా కలిసి ఈ ప్రశ్న వేసుకుందాం. ముందుగా కాపరులం మేము వేసుకుంటాం.