ప్రయోగక్షేత్రము నుండి ఇంటి రౌటరుకు

గొల్లపల్లి మండలములో ఒక ఇంటిని ఊహింపుడు. పదవ తరగతి బాలిక ఫోనులో గణితపాఠము వినుచున్నది. అదే సమయమున ఆమె అన్న పెండ్లి వీడియోను బంధువులకు పంపసాగెను. వెంటనే పాఠము తెగితెగి వినిపించినది. ఇట్టిచోట “లైను మంచిది కాదు” అని అందరును అందురు. కాని లైను మంచిదే కావచ్చును. లోపము గోడకు తగిలించిన చిన్న పెట్టెలో, అనగా రౌటరులో, ఉండవచ్చును.

ఇంటర్నెట్టులో సమాచారము చిన్న చిన్న పొట్లములుగా పయనించును. వీనికి ప్యాకెట్లని పేరు. వచ్చు ప్యాకెట్లు పోవువానికంటె అధికమైనపుడు రౌటరు వానిని వరుసలో నిలిపియుంచును. ఆ నిలువస్థలమే బఫరు. పెద్ద చెరువునకు చిన్న తూము ఉన్నచో, నేడు చేరిన నీరు తూము దాటుటకు చాలకాలము పట్టును. దానివలన పైరుకు నష్టము లేదు. కాని మాట నీరు వంటిది కాదు; ఆలస్యముగా చేరిన మాట చేరనట్లే.

ఒక లెక్క చూతము. 1500 బైట్ల ప్యాకెట్లు 256 వరుసలో ఉన్నవనుకొందము. మొత్తము 3,84,000 బైట్లు, అనగా 30,72,000 బిట్లు. సెకనుకు 10 లక్షల బిట్లు పంపు లైనులో ఈ వరుస తరుగుటకు 3 సెకనులు దాటును. చివర నిలిచిన పాఠపు ప్యాకెట్టు అంతసేపును వేచియుండవలెను. మెమరీ చిప్పులు చౌక అయిన కొలది బఫర్లు పెరిగినవి. 2010లో జిమ్ గెటిస్ అను అమెరికా ఇంజనీరు ఈ జాడ్యమును గుర్తించి ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టెను.

2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనువారు ‘కోడెల్’ అను విధానమును ప్రకటించిరి. ఇది వరుస పొడవును కాక, ప్రతి ప్యాకెట్టు వేచిన కాలమును కొలుచును. 100 మిల్లీసెకనుల పాటు ఆ కాలము 5 మిల్లీసెకనులకు తగ్గకున్నచో ఒక ప్యాకెట్టును వదలివేయును. పంపువాడు దానిని హెచ్చరికగా గ్రహించి వేగము తగ్గించును. ఎరిక్ దుమాజె దీనికి మరొక ఏర్పాటు జోడించెను: పాఠమునకొక వరుస, వీడియోకొక వరుస. ఇదియే ‘ఎఫ్‌క్యూ-కోడెల్’.

ఉపాయము దొరకగానే ఇంటింటికి పంచరాదా? ఇందుకు సమాధానము జగిత్యాల వద్దనే కలదు. పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానము ‘జగిత్యాల సన్నాలు’ వంటి వరి వంగడములను రూపొందించినది. క్రొత్త వంగడమును మొదట పరిశోధనా క్షేత్రములో పరీక్షింతురు. పిదప కొందరు రైతుల పొలములలో చిరుసంచులతో చూతురు. ఆ పిమ్మటనే విడుదల చేయుదురు. క్షేత్రములో ఒక మడి ఎండిన పాఠము లభించును; రైతు పొలము ఎండిన కుటుంబము నష్టపడును.

రౌటర్లకును ఇట్టి క్షేత్రమే కావలసివచ్చినది. 2004లో ఆరంభమైన ‘ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి’ రౌటర్ల సాఫ్ట్‌వేరు. దాని మూలసంకేతమును ఎవరైనను చదివి, సవరింపవచ్చును. డేవ్ టాట్ మొదలగువారు 2011లో దాని పక్కనే ‘సెరోడబ్ల్యుఆర్‌టి’ అను ప్రయోగరూపమును ఏర్పరచిరి. దానిని ముఖ్యముగా ఒకే కంపెనీ నమూనాలు రెండింటిపై నడిపిరి. అచట రౌటరు నిలిచిపోయినను ఫరవాలేదు. తెలిసి చేరినవారే వాడుచుండిరి. పరీక్షకు నిలిచిన ప్రతి మార్పును విడివిడిగా లినక్స్ కెర్నలుకు పంపగా, ఇతర నిపుణులు తరచిచూచి చేర్చుకొనిరి. ఎఫ్‌క్యూ-కోడెల్ 2012 జూలైలో లినక్స్ 3.5లో చేరి, 2014లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి స్థిరరూపములో సహజ ఏర్పాటు ఆయెను. వైఫైకి మరికొన్ని యేండ్లు పట్టినది. అందు అసలు నిలువలు డ్రైవరు లోపల దాగియుండుటయే కారణము. ఆ సవరణలు 2017లో స్థిరరూపమునకు వచ్చినవి. మన పొరుగు రాష్ట్రములోని సూరత్కల్ జాతీయ సాంకేతిక సంస్థవారు లినక్స్‌కై వ్రాసిన ‘ఎఫ్‌క్యూ-పై’ అను మరియొక విధానము 2020లో లినక్స్ 5.6లో చేరినది.

కడపటి మెట్టు మాత్రము కష్టమైనది. చాల చౌక రౌటర్లలో పాత కెర్నలు, మూసియుంచిన డ్రైవర్లు ఉండును. అమ్మిన పిదప వానిని సవరించువారరుదు. మంచి విత్తనము గోదాములో ఉన్నను మడికి చేరనట్లే ఇది. 2024లో ‘ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వన్’ అను రౌటరు అమ్మకమునకు వచ్చుట ఈ దూరమును తగ్గించు ఒక యత్నము.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయింపవచ్చును. కంప్యూటరునుండి ‘పింగ్’ పంపి, జవాబు వచ్చుటకు పట్టిన మిల్లీసెకనులను వ్రాయింపుడు. పిదప అదే రౌటరు ద్వారా ఫోనుతో పెద్ద వీడియో పంపుచు మరల వ్రాయింపుడు. రెండవ అంకెలు పదులనుండి వందలకు, వేలకు ఎగబ్రాకినచో లోపమెచ్చటనున్నదో విద్యార్థులే చెప్పగలరు. వేగమెంత అని మాత్రమే కాక, ఆలస్యమెంత అని కూడ అడుగు కొనుగోలుదారుడే తయారీదారుని కదలింపగలడు.